పసిబిడ్డ తుంటి ఎక్స్-రే: ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు ఎందుకంటారు?

పాపకు మూడో నెల. ఒకచోట ఎక్స్-రే చూసి తుంటి బాగానే ఉందన్నారు. ఇంకోచోట అదే ఫిల్ము చూసి కీలు గిన్నె లోతు తక్కువన్నారు. ఎవరి మాట నమ్మాలి? తల్లులే కాదు, అమ్మమ్మలు కూడా అడిగే ప్రశ్న ఇది.

తుంటిలో గిన్నె వంటి గుంట ఉంటుంది. తొడ ఎముక పైనున్న గుండు అందులో తిరుగుతుంది. కొందరు బిడ్డల్లో గిన్నె లోతు చాలక గుండు వదులవుతుంది, లేదా జారిపోతుంది. ఆడపిల్లల్లో, ఎదురుకాళ్ళతో ఉన్న బిడ్డల్లో, ఇంట్లో ఎవరికైనా ఈ లోపమున్నచోట ఇది ఎక్కువ.

ఎక్స్-రేలో గట్టి ఎముకే కనిపిస్తుంది. పుట్టినప్పుడు ఆ గుండు అంతా మెత్తని మృదులాస్థి. అందులో ఎముక సాధారణంగా 4-6 నెలల మధ్య ఏర్పడడం మొదలవుతుంది. అంటే మూడో నెల ఫిల్ములో గుండు చాలావరకు కనబడనే కనబడదు! అందుకే ఆ వయసులో అల్ట్రాసౌండ్ స్కానింగ్ మేలు. ఆస్ట్రియాకు చెందిన డాక్టర్ గ్రాఫ్ 1980 ప్రాంతంలో ఈ పద్ధతిని తెచ్చారు.

తర్వాతి నెలల్లో ఎక్స్-రే బాగా పనికొస్తుంది. ఫిల్ముపై గీతలు గీసి గిన్నె పైకప్పు వాలును డిగ్రీల్లో కొలుస్తారు. పుట్టినప్పుడు సుమారు 30 వరకు ఉండి, బిడ్డ ఎదిగేకొద్దీ తగ్గాలి. అయితే గీత ఎక్కడ ఆపాలన్నది కంటితో తేల్చుకోవాల్సిందే. ఒకే ఫిల్మును ఒకే డాక్టరు రెండుసార్లు కొలిచినా నాలుగైదు డిగ్రీల తేడా రావచ్చు. అది అజ్ఞానం కాదు. గుండు పూర్తిగా జారిపోతే అనుమానానికి తావు తక్కువ; చిక్కంతా అటూఇటూ కాని కేసుల్లోనే.

బిడ్డ ఏడ్చి మెలితిరిగితే ఒక గిన్నె లోతుగా, రెండోది లోతు లేనట్లు కనిపిస్తుంది. కాబట్టి ఎక్స్-రే గదిలో టెక్నీషియన్ చెప్పినట్లు బిడ్డను కదలకుండా పట్టుకోండి. గర్భిణీ స్త్రీ మాత్రం లోపలికి వెళ్ళకూడదు.

పాత ఫిల్ములు పారేయకండి. రిపోర్టు కాగితం ఒక్కటే తెస్తే చాలదు. ఒక్క అంకె కంటే, రెండు ఫిల్ముల మధ్య మార్పే డాక్టరుగారికి ఎక్కువ చెబుతుంది.

ఫిల్ము బాగుందన్నా సరే, గుడ్డ మార్చేటప్పుడు ఒక తొడ సరిగా విచ్చుకోకపోయినా, ఒక కాలు పొట్టిగా ఉన్నా, నడకలో కుంటినా మళ్ళీ చూపించండి. ఆరు నెలల లోపైతే చాలామందికి పట్టీలతోనే నయమవుతుంది. నడక వచ్చాక తెలిస్తే తరచూ ఆపరేషన్ దాకా పోతుంది.

కాళ్ళు చాపి బిగించి గుడ్డ చుట్టకండి. మెడ నిలిచాక, మన పెద్దలు ఎత్తుకున్నట్లే, కాళ్ళు చెరోపక్కకు వచ్చేలా చంకనెత్తుకోండి. తుంటికి అది మంచిదే.