కొలతకు లొంగని అక్షరం

ఇంగ్లిష్ పెద్దబడి అక్షరాల్లో హెచ్, ఓ పక్కపక్కన గీయండి. రెండింటి ఎత్తూ స్కేలు పెట్టి ఒక్కటే చేయండి. అయినా ఓ కాస్త కురచగానే కనిపిస్తుంది. హెచ్ నిలువు గీతలు పైనా కిందా వెడల్పుగా ఆనుకుని నిలబడతాయి. ఓ మాత్రం ఒక్కో బిందువు దగ్గరే ఆ ఎత్తును అందుకుంటుంది, అంత కొంచెం కంటికి ఆనదు. అందుకే ఫాంటు గీసేవాళ్లు ఓను కొద్దిగా పైకీ కిందికీ లాగుతారు. అక్షరం పట్టే చదరపు ఎత్తును 1000 భాగాలు చేస్తే, ఆ లాగుడు ఏ పదో పదిహేనో భాగాలుంటుంది.

ఇలాంటి కనికట్టు బాగా అవసరమయ్యేది సాన్స్-సెరిఫ్ ఫాంట్లకే. అక్షరం గీతల చివర చిన్న పాదాల్లాంటివి ఉంటే సెరిఫ్, లేకపోతే సాన్స్-సెరిఫ్. 1816లో లండన్‌లో నాలుగో విలియం కాస్లన్ అచ్చు నమూనాల్లో ఈ పాదాలు లేని అక్షరాలు తొలిసారి కనబడ్డాయి, అవీ పెద్దబడివి మాత్రమే. ఇంట్లో కూర్చుని తొలి ఫాంటు చేయబోయేవాళ్లు ఇదే సులువనుకుని దీన్నే ఎంచుకుంటారు. నిజానికి ఇదే కష్టం. నగలేమీ లేవు కాబట్టి ఏ గీత వంకర పోయినా ఇట్టే దొరికిపోతుంది.

1927లో జర్మనీలో పాల్ రెన్నర్ తెచ్చిన ఫ్యూచురా చూడండి. దూరం నుంచి మొత్తం వృత్తలేఖినితో గీసినట్టే ఉంటుంది. పెద్దది చేసి చూస్తే చిన్నబడి బి, డి, పిలలో గుండ్రటి పొట్ట నిలువు గీతను కలిసేచోట గీత సన్నబడుతుంది. అలా తగ్గించకపోతే ఆ మూలలు నల్లగా ముద్ద కడతాయి. మామూలుగా సాన్స్ ఫాంట్లలో అడ్డగీతలు నిలువు గీతలకంటే కొంచెం పలచన, ఎందుకంటే సమానంగా గీస్తే అడ్డగీతే లావుగా కనిపిస్తుంది. హెచ్ నడుమ గీతను సరిగ్గా మధ్యలో పెడితే కిందికి జారినట్టుంటుంది కనుక దాన్నీ కాస్త పైకి జరుపుతారు.

ఈ జరపడాలన్నీ ఇప్పుడు ఇంట్లో కంప్యూటర్ మీదే చేసుకోవచ్చు. జార్జ్ విలియమ్స్ అనే ప్రోగ్రామరు 2000లో పీఎఫ్ఏఎడిట్ పేరుతో మొదలుపెట్టి, 2004లో ఫాంట్‌ఫోర్జ్‌గా పేరు మార్చిన సాఫ్ట్‌వేర్ ఉచితం. దాని సోర్స్ కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంది. అందులో వంపు గీసే పద్ధతి కార్ల కంపెనీల నుంచి వచ్చింది. రెనోలో పియర్ బెజియర్, సిట్రోయెన్‌లో పాల్ ద కాస్తెల్జో కారు బాడీల వంపులను లెక్కల్లోకి ఎక్కించే పని చేశారు. మెలికల ముగ్గులో గీత చుక్కను తాకకుండా దాని చుట్టూ తిరిగినట్టే, ఇక్కడా కొన్ని బిందువులు గీత మీద ఉండవు. పక్కనుండి దాన్ని తమవైపు వంచుతాయి. కొత్తవాళ్లు బిందువులు మరీ ఎక్కువ పెట్టేస్తారు, వంపు గతుకులమయమవుతుంది. అక్షరం పైన, కింద, కుడి, ఎడమ అంచుల్లో ఒక్కోటి పెట్టి, తప్పనిసరైతేనే మరోటి చేర్చడం మంచిది.

ఇంగ్లిష్‌కు పెద్దబడి, చిన్నబడి, అంకెలు కలిపి 62 ఆకారాలతో పని మొదలవుతుంది. తెలుగుకు వచ్చేసరికి లెక్క మారిపోతుంది. మన అక్షరాలకు లాటిన్ తరహా పాదాలు ఎప్పుడూ లేవు, కాబట్టి తెలుగులో సాన్స్ అంటే గీత మందం అంతటా ఒకేలా ఉంచడమే. అలా ఉంచితే ఝ, ఋ లాంటివి ఇరుకైపోయి లోపలి ఖాళీలు పూడిపోతాయి. ద, ధల మధ్య తేడా అంతా కిందనున్న ఓ చిన్న గీతే. ఫోన్‌లో అక్షరం సైజు తగ్గించగానే అది పొట్టలో కలిసిపోయి ‘ధనం’ కాస్తా ‘దనం’ అవుతుంది. వకు కొమ్మును మామూలు చోట తగిలిస్తే మ అయి కూర్చుంటుంది. అందుకే వు, పులలో కొమ్మును కిందినుంచి తిప్పుతాం. చేత్తో రాసేటప్పుడు ఇది ఆలోచించకుండా చేసేస్తాం గానీ, ఫాంటుకు మాత్రం విడిగా చెప్పాల్సిందే.

చెప్పేదెలా? ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో క్షకు సొంత సంఖ్య లేదు. క, పొల్లు, ష మూడూ వరసగా వస్తాయి. ‘ఈ మూడూ కలిసొస్తే ఈ ఆకారం చూపు’ అనే నియమాన్ని ఫాంటు లోపలి పట్టికలో రాయాలి. ఆ నియమాలను అమలుచేసే సాఫ్ట్‌వేర్ ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో వేరే ఉంటుంది. ఈ పని ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో తెలిసొచ్చింది. కంటికి కనిపించని సున్నా వెడల్పు గుర్తు ఒకటి మధ్యలో ఇరుక్కున్న ‘జ్ఞా’ వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది. అక్కడ తప్పు ఫాంటు గీసినవాళ్లది కాదు, అక్షరాలను పేర్చే కోడ్‌ది.

ఇన్ని కలయికలను ఒక్కరే కూర్చుని పరీక్షించలేరు. ఏ పురాణం టైపు చేసేవారో, పెళ్లి శుభలేఖలు కొట్టేవారో వాడినప్పుడే ఏ ఒత్తు కింది వరుసను తాకుతుందో బయటపడుతుంది. నా మటుకు నేను ఫాంటును పంచుకోవడాన్ని దానంగా చూడను, తయారీలో భాగంగానే చూస్తాను. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన2000, వేమన2000 ఫాంట్లను ఉచితంగా ఇవ్వడం వల్లే తొలినాళ్ల యూనికోడ్ తెలుగు చాలా కంప్యూటర్లలో కనబడింది.

ఫాంట్లను ఇలా పంచడానికి ఇప్పుడు ఎక్కువగా వాడేది ఎస్ఐఎల్ సంస్థ 2005లో తెచ్చిన ఓపెన్ ఫాంట్ లైసెన్స్. వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, వేరే సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్ముకోవచ్చు; ఫాంటును విడిగా అమ్మకూడదు. మార్చినవాళ్లు అసలు పేరు పెట్టుకోకూడదని షరతు విధించే వీలూ ఉంది. సిలికానాంధ్ర విడుదల చేసిన తెలుగు ఫాంట్లు ఈ లైసెన్సుతోనే వచ్చాయి. వాటిలో చాలావాటికి ఇంగ్లిష్ అక్షరాలు ఇతరులు ఇదివరకే ఇలా వదిలిన ఫాంట్ల నుంచి తీసుకున్నవే.

ఒక్క మాట. కంప్యూటర్‌లో నేరుగా వాడుకునే టీటీఎఫ్ ఫైలు ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే సరిదిద్దేవాళ్లకు ఇబ్బంది. ఫాంట్‌ఫోర్జ్ దాచుకునే ఎస్ఎఫ్‌డీ ఫైలు కూడా జతచేయాలి. అది మామూలు టెక్స్ట్ ఫైలు కాబట్టి పాత ప్రతి, కొత్త ప్రతి పక్కపక్కన పెడితే ధ కింద గీతను ఎవరు ఎంత జరిపారో అంకెల్లో కనిపిస్తుంది.