స్కోరుబోర్డు చెప్పని సంగతులు: ఆటల చరిత్ర మీద మేము చదివిన పుస్తకాలు

ఖరగ్‌పూర్‌కి బదిలీ మీద వచ్చిన ప్రతి కుటుంబానికీ మొదటి వారంలోనే ఎవరో ఒకరు రెండు సంగతులు చెబుతారు. మన స్టేషన్ ప్లాట్‌ఫారం 1072 మీటర్ల పొడవనీ, ఒకప్పుడు ప్రపంచంలో అంత పొడవైనది ఇంకోటి లేదనీ మొదటిది. మహేంద్ర సింగ్ ధోనీ 2001 నుంచి 2003 వరకు ఈ ఊళ్లోనే రైల్వే టీటీఈగా పనిచేశాడన్నది రెండోది. ప్లాట్‌ఫారం రికార్డును ముందు గోరఖ్‌పూర్, తర్వాత హుబ్బళ్లి దాటేశాయి. ధోనీ కథను మాత్రం ఏ ఊరూ పట్టుకుపోలేదు కాబట్టి ఇక్కడివాళ్లు దాన్నే ఎక్కువగా చెబుతారు.

ఈ ఏడాది విశాఖపట్నం నుంచి వచ్చి ఏడో తరగతిలో చేరిన ఒక తమ్ముడికి మేమూ చెప్పాం. వాడు శ్రద్ధగా విని, "అయితే మన దేశానికి మొట్టమొదటి టెస్టు కెప్టెన్ ఎవరన్నా?" అని అడిగాడు. మాలో ఒకరు పటౌడీ అన్నారు. ఇంకొకరు లాలా అమర్‌నాథ్ అన్నారు. వాడు నవ్వేసి, "సి.కె. నాయుడు. మన తెలుగాయనే" అన్నాడు. అక్కడున్న తొమ్మిదిమందిలో ఒక్కరికీ తెలియదు.

ఆ సిగ్గుతో చదవడం మొదలుపెట్టాం. దసరా సెలవుల నుంచి ఇప్పటిదాకా ఒకరి తర్వాత ఒకరం చదివిన పుస్తకాల గురించే ఈ వ్యాసం. మాలో ముగ్గురికి ఏప్రిల్‌లోగా బదిలీ ఉంది. వాళ్లు వెళ్లేలోపు ఇది రాసి పెడితే, తర్వాత వచ్చేవాళ్లయినా ఆ ప్రశ్నకు మాలాగా నోరు వెళ్లబెట్టరు.

ముందు నాయుడు గారి సంగతి. కొట్టారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో పుట్టారు. వాళ్ల పూర్వీకులది మచిలీపట్నం వైపు. మన తాత ముత్తాతలు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పనికి వచ్చింది బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో. ఆ పేరులో ఉన్న నాగపూర్ ఇదే. అంటే మన ఇంటి వెనక పట్టాల మీదే నడుచుకుంటూ పోతే (పోకండి, ఆర్పీఎఫ్ వాళ్లు పట్టుకుంటారు) నాయుడు గారి ఊరికి చేరతాం.

1926 డిసెంబరులో ఇంగ్లండ్ నుంచి ఎంసీసీ జట్టు బొంబాయి వచ్చింది. హిందూ జట్టు తరఫున ఆడిన నాయుడు గారు 153 పరుగులు చేశారు, అందులో 11 సిక్సర్లు. ఇప్పటి బ్యాట్లు వేరు, బౌండరీలు వేరు. ఆ రోజుల్లో ఒక భారతీయుడు ఇంగ్లండ్ బౌలర్లను అలా బాదడం జనం ఎన్నడూ చూడలేదు. 1932 జూన్ 25న లార్డ్స్‌లో మన దేశం తన మొదటి టెస్టు మొదలుపెట్టింది. ఆ పర్యటనకు అసలు కెప్టెన్ పోర్‌బందర్ మహారాజు. టెస్టు రోజున ఆయన తప్పుకుని జట్టును నాయుడు గారికి అప్పగించారు. చేతికి దెబ్బ తగిలినా ఆయన మొదటి ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేశారు. మనవాళ్లలో అదే ఎక్కువ. 158 పరుగుల తేడాతో మనం ఓడిపోయాం.

ఇంతవరకు ఏ రికార్డుల పుస్తకంలోనైనా దొరుకుతుంది. ఇంట్లో ఆయన ఎలా ఉండేవారో తెలియాలంటే కూతురు చంద్రా నాయుడు 1995లో రాసిన 'సి.కె. నాయుడు: ఎ డాటర్ రిమెంబర్స్' చదవాలి. చంద్ర గారు ఇండోర్‌లో ఇంగ్లిషు అధ్యాపకురాలు. మన దేశంలో క్రికెట్ వ్యాఖ్యానం చేసిన తొలి మహిళల్లో ఒకరు కూడా. పాత పుస్తకం కాబట్టి కొత్త పుస్తకాల దుకాణంలో వెతికి లాభం లేదు. కోల్‌కతా వెళ్లినప్పుడు కాలేజ్ స్ట్రీట్‌లో అడగండి.

బదిలీల పిల్లలం కాబట్టి మాకు నచ్చిన విషయం ఇంకోటుంది. నాయుడు గారు ఒక్క ఊరి ఆటగాడు కాదు. నాగపూర్‌లో మొదలుపెట్టి, ఇండోర్‌లో హోల్కర్ జట్టును నడిపారు. 1953-54లో ఆంధ్ర జట్టు మొట్టమొదటిసారి రంజీ ట్రోఫీలో దిగినప్పుడు కెప్టెన్ ఆయనే. అప్పటికి ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. తర్వాత ఉత్తరప్రదేశ్‌కూ ఆడారు.

రెండో పుస్తకం రామచంద్ర గుహ రాసిన 'ఎ కార్నర్ ఆఫ్ ఎ ఫారిన్ ఫీల్డ్'. 2002లో వచ్చింది. లావు చూసి మేము నెల రోజులు దాని జోలికి పోలేదు. అది మా పొరపాటు. జాతి, కులం, మతం, దేశం అని నాలుగు భాగాలుగా ఉంటుంది. మొదటి పేజీ నుంచి వరసగా చదవాలని పంతం పట్టకండి. నేరుగా పల్వంకర్ బాలూ కథ దగ్గరికి వెళ్లండి.

బాలూ పుణెలో ఇంగ్లిషువాళ్ల క్లబ్బులో పిచ్ చదును చేసే కుర్రాడు. అంటరానివాళ్లుగా చూసిన కులంలో పుట్టాడు. నెట్స్‌లో గ్రెగ్ అనే ఇంగ్లిషు బ్యాట్స్‌మన్‌కు గంటల తరబడి బంతులు వేసేవాడు. తనను అవుట్ చేసిన ప్రతిసారీ గ్రెగ్ ఎనిమిది అణాలు ఇచ్చేవాడని చెప్పుకుంటారు. నిజమో కాదోగానీ, ఎడమచేతి స్పిన్ మాత్రం అలా పదునెక్కింది. తర్వాత హిందూ జట్టువాళ్లు బాలూను తీసుకున్నారు. మైదానంలో అతను వేసిన బంతిని అందరూ పట్టుకునేవారు. టీ విరామంలో మాత్రం అతనికి పెవిలియన్ బయట, విడిగా మట్టి ముంతలో టీ. ఈ ఒక్క వాక్యం దగ్గర మేము పుస్తకం మూసి చాలాసేపు మాట్లాడుకున్నాం. బంతికి లేని అంటు కప్పుకు ఎక్కడి నుంచి వచ్చింది?

1911లో పటియాలా మహారాజు నాయకత్వంలో భారత జట్టు ఇంగ్లండ్ వెళ్లింది. జట్టు ఎక్కువగా ఓడింది. బాలూ ఒక్కడే 114 వికెట్లు తీశాడు. అయినా హిందూ జట్టు అతన్ని ఎన్నడూ కెప్టెన్‌ను చేయలేదు. 1923లో ఆ పదవి చివరికి తమ్ముడు విఠల్‌కు దక్కింది. స్కోరు కార్డు తీసి చూస్తే బాలూ వికెట్లన్నీ ఉంటాయి. ఆ ముంత మాత్రం కనబడదు. ఆటల మీద మంచి పుస్తకం ఏది, మామూలు పుస్తకం ఏది అని మేము తేల్చుకోవడానికి ఇదే కొలబద్ద పెట్టుకున్నాం: ఎవరు గెలిచారన్నది సరే, ఎవరిని ఆడనివ్వలేదో, ఎవరిని బయట కూర్చోబెట్టారో చెబుతుందా?

ఈ మాటలు మాట్లాడుకుంటున్న రోజుల్లోనే మాలో ఒకరి పెద్దమ్మ కొడుకు అమెరికా నుంచి సంక్రాంతికి వచ్చాడు. అక్కడ పిల్లలు ఆడేది బేస్‌బాల్. మాకోసం ఒక బొమ్మల పుస్తకం తెచ్చాడు. కాడిర్ నెల్సన్ బొమ్మలు వేసి, రాసి, 2008లో అచ్చు వేసిన 'వి ఆర్ ది షిప్'.

బేస్‌బాల్ తెలియనివాళ్లకు ఒక్క ముక్క. జట్టుకు తొమ్మిదిమంది. బౌలర్‌ను పిచర్ అంటారు, బంతి నేలకు తగలకుండా విసురుతాడు. బ్యాట్స్‌మన్ కొట్టి, నాలుగు మూలల్లో ఉన్న నాలుగు బేస్‌లను చుట్టి మొదటికి వస్తే ఒక పరుగు. ముగ్గురు అవుటైతే అవతలి జట్టు బ్యాటింగు. ఇలా తొమ్మిది ఇన్నింగ్స్. ఇంత తెలిస్తే పుస్తకం చదవడానికి సరిపోతుంది. మన దేశం నుంచి రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు జావెలిన్ కుర్రాళ్లు 2008లో ఒక టీవీ పోటీలో నెగ్గి పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థలో చేరారు. ఆ కథ 'మిలియన్ డాలర్ ఆర్మ్' పేరుతో పుస్తకంగానూ సినిమాగానూ వచ్చింది. సరదాగా ఉంటుంది, అంతే.

నెల్సన్ పుస్తకం వేరు. అమెరికాలో చాలా ఏళ్లు నల్లజాతివాళ్లను పెద్ద లీగ్‌లలో ఆడనివ్వలేదు. వాళ్లు తమ జట్లు తామే కట్టుకున్నారు. రూబ్ ఫాస్టర్ అనే ఆయన 1920లో నీగ్రో నేషనల్ లీగ్ పెట్టాడు. ఈ కథంతా ఒక ముసలి ఆటగాడు "మేము" అంటూ చెబుతాడు. మేము ఆడాం, మేము ఆ ఊరు వెళ్లాం, మాకు హోటల్లో గది ఇవ్వలేదు, బస్సులోనే పడుకున్నాం. చదువుతుంటే మనవాళ్లెవరో అరుగు మీద కూర్చుని చెబుతున్నట్టు ఉంటుంది. ఇంగ్లిషు తేలిక. ఆరో తరగతివాళ్లు కూడా చదవగలరు. జాష్ గిబ్సన్ అనే గొప్ప హిట్టర్ 1947 జనవరిలో 35 ఏళ్లకే చనిపోయాడు. మూడు నెలలకు, ఏప్రిల్ 15న, జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టులో దిగి ఆ అడ్డుగోడను బద్దలుకొట్టాడు. 2024లో పాత నీగ్రో లీగ్‌ల లెక్కలను అధికారిక రికార్డుల్లో కలిపారు. అప్పుడు బ్యాటింగ్ సగటులో గిబ్సన్ పేరు అందరికంటే పైకి వచ్చింది. పోయిన 77 ఏళ్లకు!

రాబిన్సన్ ఆత్మకథ 'ఐ నెవర్ హాడ్ ఇట్ మేడ్' 1972లో వచ్చింది. పెద్ద తరగతులవాళ్లకు. ఆయనకు ఏడాది దాటగానే తల్లి ఐదుగురు పిల్లలను రైలెక్కించి జార్జియా నుంచి కాలిఫోర్నియా తీసుకువెళ్లిందట. బదిలీ ఆర్డరు లేని బదిలీ అది. జట్టులో చేరేటప్పుడు, ఎవరు ఎంత తిట్టినా తిరిగి కొట్టకూడదని యజమాని బ్రాంచ్ రిక్కీ ముందే మాట తీసుకున్నాడు. తిట్లు వింటూ పరుగులు తీయడం ఎంత కష్టమో కొత్త స్కూల్లో మొదటి నెల గడిపినవాళ్లకు కొంచెమైనా ఊహకు వస్తుంది.

లారెన్స్ రిట్టర్ రాసిన 'ది గ్లోరీ ఆఫ్ దెయిర్ టైమ్స్' (1966) మాకు పూర్తిగా దొరకలేదు, కొన్ని అధ్యాయాలే చదివాం. ఆయన ఒక కాలేజీ ప్రొఫెసరు. టేప్ రికార్డర్ పట్టుకుని వేల మైళ్లు తిరిగి, ముసలివాళ్లయిపోయిన పాత ఆటగాళ్లను వెతికి పట్టుకుని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాశాడు. మాకూ ఆశ పుట్టింది. మాలో ఒకరి తాతగారు వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. ఒక ఆదివారం ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి ఆయన ముందు కూర్చున్నాం. క్రికెట్ గురించి అడిగితే ఆయన రెండు గంటలు వాలీబాల్ గురించి చెప్పారు. షిఫ్టు దిగి మసి చేతులతోనే కోర్టులోకి దిగేవారట. జట్టులో తెలుగువాళ్లు, బెంగాలీలు, ఒడియావాళ్లు; పాయింటు పోతే తిట్టుకోవడం మాత్రం ఎవరి భాషలో వాళ్లు. అది రాసి పెట్టాం. వచ్చే సంచికకు ఇస్తాం.

అమ్మాయిలు అడుగుతున్న పుస్తకం 'ది ఫైర్ బర్న్స్ బ్లూ'. కారుణ్య కేశవ్, సిద్ధాంత పట్నాయక్ 2018లో రాశారు. మన దేశంలో మహిళా క్రికెట్ చరిత్ర. 1973లో మహిళా క్రికెట్ సంఘం పుట్టినప్పటి నుంచి మొదలయ్యే కష్టాలు చదివితే, రిజర్వేషన్ లేని పెట్టెల్లో కిట్లు మోసుకుంటూ వెళ్లిన రోజులు కళ్లకు కడతాయి. మహిళా క్రికెటర్లకు ఉద్యోగాలిచ్చి ఆదుకున్నది ఎక్కువగా రైల్వేలే అని తెలిసి మా కాలనీలో అందరూ తెగ పొంగిపోయారు. మిథాలీ రాజ్ కూడా రైల్వే ఉద్యోగే. ఆమె తండ్రి వైమానిక దళంలో పనిచేశారు. ఆమె పుట్టింది జోధ్‌పూర్‌లో, పెరిగింది సికింద్రాబాద్‌లో. కలైకుండ ఎయిర్‌బేస్ నుంచి వచ్చే చెల్లెళ్లూ, వింటున్నారా?

వి.వి.ఎస్. లక్ష్మణ్ '281 అండ్ బియాండ్' (2018) అందరికీ తేలిగ్గా దొరుకుతుంది. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో ఫాలో ఆన్ ఆడుతూ ఆయన చేసిన 281 పరుగులు, ద్రావిడ్‌తో 376 పరుగుల భాగస్వామ్యం గురించి మన నాన్నలు చెప్పే కథలకు ఇది అసలు ప్రతి. తల్లిదండ్రులిద్దరూ డాక్టర్లు అయిన ఇంట్లో మెడిసిన్ వదిలి క్రికెట్ ఎంచుకున్న భాగం మాకు ఆ మ్యాచ్ కంటే నచ్చింది. ఇంట్లో అమ్మానాన్నలకు చూపించడానికి పేజీకి గుర్తు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. సచిన్ ఆత్మకథ మాత్రం చిన్నప్పటి అధ్యాయాల తర్వాత మ్యాచ్ మీద మ్యాచ్ వర్ణనగా సాగింది. మాలో ఇద్దరు మధ్యలో వదిలేశారు, ఒకరు పోట్లాటకు దిగారు.

ఇక ధోనీ. ఆయన ఇంతవరకు ఆత్మకథ రాయలేదు. భరత్ సుందరేశన్ 'ది ధోనీ టచ్' (2018) ఉంది. ఖరగ్‌పూర్ రోజుల కోసం అందరం ముందు అదే లాక్కున్నాం. నిజం చెప్పాలంటే, ధోనీ డ్యూటీ చేసిన ప్లాట్‌ఫారం మీద రోజూ నడిచేవాళ్లకు ఏ పుస్తకంలో చదివినా ఇంకా కొంచెం ఉంటే బాగుండేదనిపిస్తుంది.

ఇవన్నీ ఇంగ్లిషులోనే ఉన్నాయి. తెలుగులో ఆటల చరిత్ర మీద మాకు దొరికినవి చాలా తక్కువ. అందుకని మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒక్కొక్కరం ఒక్కో అధ్యాయం చదివి, మధ్యాహ్నం టిఫిన్ బాక్సు దగ్గర తెలుగులో చెప్పుకోవడం. తెలియని మాటలకు ఆగి నిఘంటువు తీయలేదు, ఆట అర్థమైతే మాట అదే అర్థమవుతుంది. ఇంటి తెలుగు తప్ప రాత తెలుగు రాని ఇద్దరు ఈ కథలు చెప్పడం కోసమే రాయడం నేర్చుకున్నారు. ఈ వ్యాసంలో లార్డ్స్ టెస్టు భాగం వాళ్లదే.

పుస్తకాల పేర్లు, ఏది ఏ తరగతివాళ్లకు అన్న వివరం ఒక నోట్‌బుక్కులో రాసి లైబ్రరీలో ఇచ్చాం. వెళ్లిపోయే ముగ్గురూ తమ పుస్తకాలు ఇక్కడే వదిలి వెళ్తున్నారు. గుహ పుస్తకంలో బాలూ కథ మొదలయ్యే చోట ఒక పాత రైలు టికెట్టు పెట్టి ఉంటుంది. చదివాక దాన్ని మళ్లీ అక్కడే పెట్టండి.