పట్టము లేనివారికి ఇంటినుండి కొలువు

కర్నూలు, కడప జిల్లాల మెట్టగ్రామములలో వేరుసెనగ నూర్పిడి ముగిసిన పిమ్మట పనిలేని దినములు పెక్కు. పట్టపరీక్ష చదువని మా పిల్లలకు ఇంటినుండి చేయదగిన కొలువు గలదా యని రైతులు మమ్మడుగుచున్నారు. కలదు. తెలుగు మాటలను విని వ్రాయుట, లెక్కలను కంప్యూటరున కెక్కించుట, ఫోనులో కొనుగోలుదారులకు బదులు చెప్పుట మున్నగు పనులకు పట్టముకన్న స్పష్టమైన పలుకు, తప్పులేని వ్రాత, టైపు నేర్పు ముఖ్యములు. కేంద్ర కార్మికశాఖవారు 2015లో నెలకొల్పిన నేషనల్ కెరీర్ సర్వీసు వెబ్‌సైటున రుసుము లేకయే పేరు నమోదు చేసికొనవచ్చును. ప్రకటన చూచినపుడు కంపెనీ సొంత వెబ్‌సైటున నా యుద్యోగము గలదో లేదో సరిచూడవలెను. పని యేమి, కూలి యెంత, ఎన్నడు ముట్టునో వ్రాతమూలముగా బొందవలెను.

అయితే ఈ చేనిలో కలుపు మెండు. వీడియోలను మెచ్చుకొనిన చాలు, దినమునకు వేలు వచ్చునని ఫోనునకు సందేశము పంపుదురు. మొదట నూరో ఇన్నూరో నిజముగనే చెల్లింతురు. అది గాలపు టెఱ. నమ్మిక కుదిరిన పిదప హెచ్చు లాభము జూపి ధరావతు గోరుదురు. పంట యమ్మిన సొమ్మంతయు నట్లు పోవును. 2023 డిసెంబరులో కేంద్రప్రభుత్వ మిట్టి మోసపు వెబ్‌సైట్లను నూటికిపైగా నిలిపివేసినది.

కూలికి బోవువాడు మేస్త్రీకి ఎదురు సొమ్మిచ్చునా? పనికై సొమ్మడిగినచో నది కొలువు గాదని యెఱుగుడు. ఓ.టి.పి. చెప్పకుడు. బ్యాంకు ఖాతాను పరులకు అద్దె కీయకుడు. దొంగసొమ్ము దానిలో నడచినచో పోలీసులు మొదట వచ్చునది ఖాతాదారు నింటికే. మోసపోయినచో సిగ్గుపడి దాచక వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయుడు. ఆలసించిన కొలది సొమ్మును దారిలో నిలుపుట కష్టమగును.