స్పీకర్‌కు జిగురు పూత ఎందుకు?

రాయ్‌పుర్ టాటీబంధ్‌లో లారీల రొద మధ్య పాట వినాలంటే స్పీకర్ గొంతు శుభ్రంగా ఉండాలి. మరి కొన్ని స్పీకర్లు చెవిలో గుచ్చుకుంటాయెందుకు?

స్పీకర్ లోపల అయస్కాంతం సందులో రాగి తీగచుట్ట ఉంటుంది. కరెంటు మారినప్పుడల్లా అది ముందుకీ వెనక్కీ కదిలి, తనకు అతికిన కాగితపు గరాటును ఊపుతుంది. 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అనే ఇంజినీర్లు వివరించిన పద్ధతే ఇది.

డోలు మోతకు గరాటు మొత్తం ఒక్కటిగా కదులుతుంది. తాళాల చప్పుడుకు మాత్రం కాగితం ఒక్కోచోట ఒక్కోలా వణుకుతుంది. గుచ్చుకునేది ఆ వణుకే! నీళ్లు కలిపిన ఫెవికాల్‌ను కుంచెతో గరాటు మీద పలచగా పూస్తే, ఎండిన జిగురు ఆ వణుకును కొంత అణచేస్తుంది. మందంగా పూశారో, బరువెక్కి శబ్దమే తగ్గుతుంది.

పూసే ముందు ప్లగ్ పీకండి. అంచు మడతకు, తీగచుట్టకు జిగురు తగలనివ్వకండి. మొదటి ప్రయోగం పారేసే స్పీకర్ మీదే చేయండి.