చెట్టుకో కత్తిరింపు

కాలిఫోర్నియాలో మనవాళ్ళ పెరళ్ళలో పీచ్, ఆపిల్, ఆప్రికాట్ చెట్లు మామూలే. ఆకు రాలగానే కత్తెర పట్టుకుని అన్నిటినీ ఒకే తీరున కత్తిరిస్తే ఒక చెట్టుకు మేలు జరుగుతుంది, ఇంకో చెట్టుకు కాపే పోతుంది. ఎందుకో ఈ పూట చెప్పుకుందాం.

మన ఊళ్ళలో జామను చూశాం కదా! దానికి కొత్త చిగురు మీద పూత వస్తుంది. పీచ్ అలా కాదు. పోయిన ఏడు పెరిగిన రెమ్మ మీదే ఈ ఏడు పూస్తుంది. ఒకసారి కాసిన చోట మళ్ళీ కాయదు. అలాగే వదిలేస్తే కాపు ఏటేటా పైకి, చిటారు కొమ్మలకు జరిగిపోతుంది. లోపలి రెమ్మలు నీడకు ఎండిపోతాయి. కాయలు చిన్నవైపోతాయి, వాటి బరువుకు పొడవాటి కొమ్మలు విరుగుతాయి. అందుకే ఏటా చలికాలం చివర, పూతకు ముందు, పోయిన ఏడు పెరిగినదాంట్లో దాదాపు సగం తీసెయ్యాలి. చెట్టు నడుమ గిన్నెలా ఖాళీ ఉంచితే లోపలికి ఎండ దిగి పండుకు రంగూ తీపీ వస్తాయి.

కాయల లెక్క తగ్గుతుంది, నిజమే. కానీ ఒక్కో కాయకు ఆహారం తయారుచేసే ఆకులు ఎక్కువై కాయ ఊరుతుంది. అప్పటికీ పిందెలు గుత్తులుగా ఉంటే ఆరేసి అంగుళాలకు ఒకటి ఉంచి, మిగతావి తుంచెయ్యండి.

ఆపిల్ సంగతి వేరు. దాని పొట్టి పూరెమ్మలు ఏళ్ళ తరబడి కాస్తాయి. పీచ్‌లాగా సగం కోస్తే ఆ పూరెమ్మలే పోతాయి, బదులుగా నిటారుగా నీటికొమ్మలు లేస్తాయి. ఎండినవీ, ఒకదానికొకటి రాసుకునేవీ, నీడ చేసేవీ తీస్తే చాలు.

ఆప్రికాట్‌తో మరీ జాగ్రత్త. కాలిఫోర్నియాలో వానలు పడేది చలికాలంలోనే. ఆ తడిలో కోసిన గాయంలోంచి యుటైపా అనే శిలీంధ్రం చొరబడి కొమ్మలకు కొమ్మలనే ఎండగొడుతుంది. కాపు అయిపోయాక జూలై, ఆగస్టు నెలల్లో కత్తిరించండి. వానలు మొదలవడానికి కనీసం ఆరు వారాల ముందే పని ముగించాలి.

కాబట్టి కత్తెర తియ్యబోయే ముందు మీ చెట్టు కొత్త రెమ్మ మీద కాస్తుందా, పాత రెమ్మ మీదా అన్నది ఒక్కసారి కనుక్కోండి. ఏది ఉంచాలో, ఏది తియ్యాలో ఆ జవాబే చెబుతుంది. సెలవు.