సెకండ్ హ్యాండ్ కారు కొన్నారా? ముప్పై రోజులు గుర్తుంచుకోండి

బ్రిటన్‌కు వచ్చిన తెలుగు కుటుంబాలకు అద్దె ఇల్లు కుదిరాక మొదటి పెద్ద ఖర్చు చాలాసార్లు సెకండ్ హ్యాండ్ కారే. వారం తిరక్కుండానే ఇంజిన్ లైటు వెలిగిందనుకోండి. డీలర్‌కి ఫోన్ చేస్తే పాత కారన్నాక ఇలాంటివి మామూలే అంటాడు, రసీదు మీద ‘సోల్డ్ యాజ్ సీన్’ అని రాసి ఉందంటాడు. మనవాళ్లు చాలామంది అక్కడితో ఊరుకుని జేబులోంచి తీసి బాగు చేయించుకుంటారు. ఊరుకోనక్కర్లేదు. వ్యాపారి మామూలు కొనుగోలుదారుకు అమ్మిన కారు విషయంలో ఆ రాతకు చట్టం ముందు విలువ లేదు.

ఇక్కడ మనకు అండగా ఉన్నది 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్. కారు వయసుకు, తిరిగిన మైళ్లకు, పెట్టిన ధరకు తగ్గ నాణ్యత ఉండాలి, పనికి సరిపోవాలి, ప్రకటనలో చెప్పినట్టు ఉండాలి. పన్నెండేళ్ల కారుకు బ్రేక్ ప్యాడ్లు అరిగాయంటే అది లోపం కాదు. నాలుగేళ్ల కారు గేర్‌బాక్స్ పది రోజుల్లో మూలపడితే మాత్రం డీలరే జవాబు చెప్పాలి.

కారు చేతికొచ్చిన 30 రోజుల్లోపు అలాంటి లోపం బయటపడితే కారు తిప్పి ఇచ్చి డబ్బంతా వెనక్కి అడగవచ్చు. లోపం ముందు నుంచే ఉందని చూపించాల్సింది ఈ దశలో మనమే కాబట్టి, ఏఏ, ఆర్‌ఏసీ లాంటి సంస్థలతోనో మరో గ్యారేజీతోనో పరీక్ష చేయించి రిపోర్టు తీసుకోవడం మంచిది. మనల్ని దెబ్బతీసేది మొహమాటం. ‘వచ్చే వారం చూద్దాం’ అని డీలర్ అంటూనే ఉంటాడు, మనం సరేనంటూనే ఉంటాం, గడువు దాటిపోతుంది. కారు వద్దనుకుంటే ఆ మాట ఈమెయిల్‌లో స్పష్టంగా రాయండి. రాశాక దాన్ని నడపకండి.

గడువు దాటినా అంతా పోయినట్టు కాదు. మొదటి ఆరు నెలల్లో బయటపడిన లోపం అమ్మేనాటికే ఉన్నట్టు చట్టం భావిస్తుంది, కాదని నిరూపించాల్సింది డీలరే. అయితే బాగు చేసేందుకు అతనికి ఒక అవకాశం ఇవ్వాలి. అప్పటికీ కుదరకపోతే కారు తిప్పి ఇవ్వవచ్చు, లేదా ఉంచుకుని ధర తగ్గించమనవచ్చు. తిప్పి ఇస్తే వాడుకున్నందుకు కొంత మినహాయించుకునే వీలు డీలర్‌కు ఉంది.

డబ్బు ఎలా కట్టామన్నదీ ముఖ్యమే. కారు ధర 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉండి, అడ్వాన్సు మాత్రమే క్రెడిట్ కార్డుతో కట్టినా, 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్ 75వ సెక్షన్ ప్రకారం కార్డు సంస్థనూ నిలదీయవచ్చు. హైర్ పర్చేజ్ అయితే కారు ఫైనాన్స్ కంపెనీదే, ఫిర్యాదూ వాళ్లకే. ఎనిమిది వారాల్లో తేల్చకపోతే ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్‌కు ఉచితంగా వెళ్లవచ్చు. కోపంతో వాయిదాలు మాత్రం ఆపకండి. డీలర్ ఎంతకీ దిగిరాకపోతే ఇంగ్లండ్, వేల్స్‌లో 10,000 పౌండ్ల వరకు కోర్టులో స్మాల్ క్లెయిమ్స్ దారి ఉంది, లాయరు లేకుండానే నడపవచ్చు.

ఎంవోటీ, అంటే కారు రోడ్డు మీద తిరగడానికి తగినదని చూసే పరీక్ష, పాసైందని ధీమాగా ఉండేవాళ్లకు ఒక మాట: ఆ పరీక్షలో ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్ పరిస్థితి చూడరు. అయినా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కారు నంబరు కొడితే పాత ఎంవోటీ ఫలితాలు, మైళ్ల లెక్క ఉచితంగా కనిపిస్తాయి. కొనేముందే చూడండి.

ఈ హక్కులన్నీ డీలర్ దగ్గర కొంటేనే. వాట్సాప్ గ్రూపులో మన తెలుగాయన సొంత కారు అమ్ముతున్నాడని కొంటే, అతను చెప్పినట్టు కారు ఉండాలన్నది తప్ప నాణ్యత గురించి అడిగే హక్కు దాదాపు ఉండదు. అందుకే ఎవరి దగ్గర కొన్నా, ప్రకటన తీసేయకముందే దాన్ని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.