పెరట్లో గూడు పెట్టిన పిట్టకు మనం ఏం చేయాలి?

రెండేళ్ళ కిందట ఏప్రిల్ నెలలో కర్నూలులోని మా ఇంటి పెరట్లో, దానిమ్మ చెట్టు మీద ఒక పిగిలిపిట్టల జంట గూడు కట్టింది. తల మీద నల్లటి కుచ్చు, తోక మొదట్లో కింది వైపు ఎర్రటి మచ్చ ఉండే పిట్ట ఇది. మన ఇళ్ళలో ఎక్కువమంది బుల్‌బుల్ అనే అంటారు. గూడు నా తలకు కొంచెం పైన, కొమ్మల గుబురులో ఉంది. సన్నటి పుల్లలు, వేళ్ళ పీచు కలిపి అల్లిన చిన్న గిన్నెలా ఉంది. అందులో మూడు గుడ్లు. లేత గులాబీ రంగు మీద ఎర్రటి చుక్కలు.

నేను ముప్పై ఏళ్ళుగా పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్నాను. అయినా ఆ గూటి విషయంలో నేను చేసింది చదువుకున్నవాళ్ళు చేసే పని కాదు. సెలవులకు వచ్చిన మనవడికి బాగా కనబడాలని, ఫోనులో ఫొటోకు అడ్డం లేకుండా ఉండాలని, గూటి ముందున్న రెండు రెమ్మలు కత్తిరించాను. గుడ్లు పగిలి పిల్లలు వచ్చాక రోజుకు నాలుగైదుసార్లు స్టూలు వేసుకుని మరీ చూశాం. తల్లికి దూరం పోయే శ్రమ తప్పుతుందని చెట్టు కిందే పళ్ళెంలో అన్నం మెతుకులు పెట్టాను. ఆ మెతుకులకు ముందు వచ్చింది కాకులు. అయిదో రోజు పొద్దున చూస్తే గూడు ఖాళీ. "నానీ, పిల్లలేవీ?" అని మనవడు అడిగితే ఎగిరిపోయాయని చెప్పాను. ఒంటి మీద ఈకలు కూడా రాని పిల్లలు ఎక్కడికి ఎగురుతాయి? వాడికి ఏడేళ్ళు. నా మాట నమ్మలేదని ముఖం చూస్తేనే తెలిసింది.

ఈ సంచికకు ఏదైనా రాయమని సొసైటీ వారు అడిగినప్పుడు, చదువుల గురించో పరీక్షల గురించో రాస్తాననుకుని ఉంటారు. కానీ మనలో చాలామంది ఇళ్ళలో ఒక చెట్టో, నాలుగు కుండీలో, మేడ మీద ఒక నీళ్ళ గిన్నో ఉన్నాయి. పిట్టలకు ఇంత పెట్టాలన్న మనసూ ఉంది. ఆ మనసుతో చేసే పని వాటికి మేలు చేస్తున్నదా లేదా అన్నది తెలుసుకోవడం కూడా అవసరమే కదా.

ముందు గూటి సంగతి. చిన్న పిట్టకు గోళ్ళూ లేవు, బలమూ లేదు. దాని గూటికి ఉన్న ఒకే ఒక్క రక్షణ ఎవరికీ కనబడకపోవడం. నేను కత్తిరించిన రెండు రెమ్మలే దాని తలుపు. కాకి తెలివైన పక్షి. మనుషులు ఎక్కడ ఆగుతున్నారో, పిట్ట ఎక్కడి నుంచి ఎగిరిపోతున్నదో గమనిస్తుంది. జెముడుకాకి అయితే పొదల్లోకి దూరి మరీ గుడ్లూ పిల్లలూ వెతుక్కుంటుంది. పిల్లి, తొండ, పాము సరేసరి. ఇంకొక సంగతి నాకు తర్వాత తట్టింది. మన ఊరి ఎండలో తల్లి గూటి మీద కూర్చునేది వెచ్చదనానికి మాత్రమే కాదు, నీడకు కూడా. నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం మనం స్టూలు వేసుకుని నిలబడ్డంతసేపూ అది తీగ మీద కూర్చుని అరుస్తూ ఉంటుంది, పిల్లలు ఎండలో ఉంటాయి.

అందుకని గూడు చూడాలంటే దగ్గరికి వెళ్ళకూడదు. వంటింటి కిటికీ ఉంటే దాన్ని మించిన చోటు లేదు. కిటికీ లేకపోతే ఓ పదిహేను ఇరవై అడుగుల దూరంలో కుర్చీ వేసుకుని, రోజూ అదే చోట, దాదాపు అదే సమయానికి కూర్చోవాలి. రెండు మూడు రోజుల్లో పిట్ట మనల్ని కుర్చీతో సమానంగా లెక్కగట్టి తన పని తాను చేసుకుంటుంది. ఫ్లాష్ వేసి ఫొటో తీయడం, పిట్ట కూత ఫోనులో పెట్టి వినిపించడం మాత్రం వద్దు. తన చోటులోకి ఇంకో పిట్ట వచ్చిందనుకుని గూడు వదిలి దానికోసం వెతుకుతుంది.

మన దేశంలో పక్షుల చదువుకు పెద్దదిక్కయిన సలీం అలీ పనిచేసిన తీరు ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఆయన 1896లో బొంబాయిలో పుట్టారు. చిన్నప్పుడు తుపాకీతో కొట్టిన ఒక పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనబడింది. ఇలాంటిది తినవచ్చా కూడదా అన్న అనుమానం వచ్చి మేనమామకు చూపించారు. ఆయన ఉత్తరం రాసిచ్చి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపించారు. అలా మొదలైన ఆసక్తి ఆయన జీవితాన్నే మార్చింది. 1931లో మొదలుపెట్టి హైదరాబాద్ సంస్థానంలో పక్షులన్నింటినీ సర్వే చేసింది కూడా ఆయనే. గిజిగాడు గూడు కట్టే తీరు తెలుసుకోవడానికి నిచ్చెన మీద గుడ్డ చాటు కట్టుకుని, దాని వెనక కూర్చుని చూశారు. మగపిట్ట సగం గూడు కట్టి చూపిస్తుందనీ, ఆడపిట్ట వచ్చి నచ్చిన గూడు ఎంచుకుంటుందనీ లోకానికి తెలిసేలా రాసింది అలా కూర్చునే. మనకు అంత ఓపిక అక్కరలేదు. చాటున ఉండి చూడడం ఒక్కటి నేర్చుకుంటే చాలు.

ఇక తిండి విషయం. నాతో సహా చాలామందికి తెలియనిది ఇక్కడే ఉంది. పిచ్చుక గింజలు తింటుంది, పిగిలిపిట్ట పళ్ళు తింటుంది అని పాఠాల్లో చెబుతాం. అది పెద్ద పిట్టల సంగతి. పిల్లల తిండి వేరు. పిగిలిపిట్ట పిల్లలు పన్నెండు రోజులు అటూ ఇటుగా గూడు వదిలేస్తాయి. వేలెడంత కూడా లేని మాంసపు ముద్ద ఆ కొద్ది రోజుల్లో ఈకలూ రెక్కలూ ఉన్న పిట్ట కావాలంటే మాంసకృత్తులు కావాలి. అవి అన్నం మెతుకులో లేవు, పురుగులో ఉన్నాయి. అందుకే పిచ్చుక కూడా తన పిల్లలకు మొదటి రోజుల్లో గొంగళి పురుగులు, మిడతలు, సాలెపురుగులు తెచ్చి పెడుతుంది. గింజలు ఆ తర్వాత. ఒక్క గువ్వలు, పావురాలకు మాత్రం ఈ బాధ లేదు. వాటి గొంతు సంచిలో పాలలాంటి చిక్కటి పదార్థం ఊరుతుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ అదే పిల్లల నోట్లోకి ఎక్కిస్తారు. గింజలు తినే ఊళ్ళో పావురాలు పెరిగిపోయి పిచ్చుకలు తగ్గడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటని నా అనుకోలు.

కాబట్టి గూడు పెట్టిన పిట్టకు మనం పెట్టగల పెద్ద విందు మందు కొట్టకుండా ఉండడమే. నిమ్మచెట్టు, కరివేపాకు చెట్ల ఆకులను తినే ఆకుపచ్చ గొంగళి పురుగుల్ని చూడగానే మనకు చేతులు ఊరుకోవు. సీసా తెచ్చి కొడతాం. చచ్చే పురుగులు కొన్ని. మిగిలినవాటిని పిట్ట తీసుకెళ్ళి పిల్లల నోట్లో పెడుతుంది. నేను ఇప్పుడు మూడు కరివేపాకు మొక్కల్లో ఒకదాన్ని వదిలేశాను. దాని ఆకులన్నీ చిల్లులే. మా వారు మొదట విసుక్కున్నారు, తర్వాత పిట్టలు ఆ మొక్క దగ్గరే ఎక్కువసేపు ఉంటున్నాయని ఆయనే వచ్చి చెప్పారు. రాలిన ఆకులు కూడా మొత్తం ఊడ్చి కాల్చకుండా చెట్టు మొదట్లోకి నెట్టండి. వాటి కింద పురుగులుంటాయి. బూజు విషయంలో కూడా చెప్పాలి. తేనెపిట్ట తన వేలాడే సంచి గూటిని సాలెగూటి దారాలతోనే బిగిస్తుంది. వరండా చూరులో రెండు మూలల బూజు దులపకుండా వదిలేయడానికి ఇంతకంటే మంచి సాకు నాకు దొరకలేదు.

గింజలు పెట్టవద్దని కాదు. నూకలు, కొర్రలు, సజ్జలు పెట్టండి. పూర్వం తాటాకు ఇళ్ళ చూరులకూ, మసీదు వసారాల్లోనూ, గుడి మండపాల్లోనూ వరి కంకుల కుచ్చులు వేలాడదీసేవారు. మా దాదీ సజ్జ కంకులు కట్టేది. పళ్ళెం కంటే అది ఎంతో మేలైన పద్ధతి. పిచ్చుక కుచ్చు పట్టుకుని వేలాడుతూ తినగలదు, కాకి, పావురం అలా తినలేవు. పళ్ళెమే పెట్టాలంటే గుప్పెడు గింజలు, అదీ గూటికి దూరంగా పెట్టి, సాయంత్రానికి మిగిలింది తీసేసి కడగాలి. తడిసిన గింజకు బూజు పడుతుంది, అది పిట్టకు విషమే. రాత్రి మిగిలితే ఎలుకలు వస్తాయి, ఎలుకల వెంట పాము వస్తుంది. మిగిలిన బిర్యానీ, చిప్స్, ఉప్పూ నూనే ఉన్నవేవీ పెట్టకండి. పారేయడం ఇష్టం లేక పిట్టలకు వేస్తున్నాం అంటారు చాలామంది. మనకు ఎక్కువైనదల్లా వాటికి తిండి కాదు.

నీళ్ళు మాత్రం ఎంత పెట్టినా తప్పులేదు. అయితే లోతు గిన్నె పనికిరాదు, చిన్న పిట్టలు అందులో పడి బయటికి రాలేవు. మట్టి మూకుడు మంచిది. రెండు అంగుళాలకు మించి నీళ్ళు వద్దు, మధ్యలో నిలబడడానికి ఒక చదునైన రాయి వేయండి. నీడలో పెట్టాలి, పక్కన పిల్లి నక్కడానికి చాటు ఉండకూడదు. నీళ్ళు రోజూ పారబోసి, మూకుడు పీచుతో రుద్ది మళ్ళీ పోయాలి. లేకపోతే దోమలకు మనమే ఇల్లు కట్టిచ్చినట్టు.

బడి పిల్లలు నా దగ్గరికి తరచూ చేతుల్లో పెట్టుకుని తెచ్చేది కింద పడిన పిట్ట పిల్లల్ని. అప్పుడు ముందు చూడవలసింది ఈకలు. ఒళ్ళంతా ఈకలు వచ్చి, గెంతుతూ ఉన్న పిల్ల అయితే అది పడిపోలేదు, గూడు వదిలే వయసు వచ్చి దిగింది. ఇంకా బాగా ఎగరలేదు అంతే. తల్లిదండ్రులు దగ్గర్లోనే ఉండి తిండి పెడుతుంటాయి. పిల్లి తిరుగుతుంటే దగ్గరి పొదలో కొంచెం ఎత్తున కూర్చోబెట్టి మనం పక్కకు తప్పుకోవాలి. ఈకలు రాని పిల్ల అయితే, గూడు అందితే మెల్లగా తీసి అందులో పెట్టవచ్చు. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదని మన పెద్దలు చెప్పేది నిజం కాదు. చిన్న పిట్టలు పిల్లల్ని వాసనతో కాదు, చూపుతో, అరుపుతో గుర్తుపడతాయి. నోరు తెరిచింది కదా అని నీళ్ళు మాత్రం పోయకండి. నాలుక మొదట్లోనే గాలిగొట్టం తెరుచుకుని ఉంటుంది, ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు అసలే వద్దు, పిట్టలకు పాలు అరగవు. బడికి అలా తెచ్చిన ఒక గోరింక పిల్లకు దూది ముంచి పాలు పట్టించింది నేనే. సాయంత్రం దాకా కూడా బతకలేదు.

దొరికిన పిల్లను పంజరంలో పెట్టి పెంచుకుందామన్న ఆలోచన కూడా వద్దు. రామచిలుక మన రాష్ట్ర పక్షి. దాన్ని పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఈ మాట చెబితే మా బంధువుల్లో ఒకరిద్దరు నాతో మాట్లాడడం తగ్గించారు.

పోయిన మార్చిలో పిగిలిపిట్టలు మళ్ళీ వచ్చాయి. అవేనో వేరేవో చెప్పలేను. ఈసారి గోరింటాకు పొదలో గూడు పెట్టాయి. ఒక్క ఆకు తుంచలేదు. బట్టలు ఆరేసే తీగను అటు వైపు నుంచి విప్పించాను. వంటింటి కిటికీ దగ్గర ఒక నోటుపుస్తకం, పెన్ను పెట్టుకున్నాను. పన్నెండు రోజులు పొదిగింది. పదమూడో రోజు పొద్దున మగదో ఆడదో తెలియదు కానీ (ఈ పిట్టల్లో రెండూ ఒకేలా ఉంటాయి) ముక్కున సన్నటి పచ్చ పురుగుతో వచ్చింది. పిల్లలు వచ్చాయని నాకు తెలిసింది అలాగే, గూట్లోకి తొంగి చూసి కాదు. రోజులు గడిచేకొద్దీ నాలుగైదు నిమిషాలకు ఒకసారి ఏదో ఒకటి వచ్చేది. తిండి పెట్టి పోయేటప్పుడు ఒక్కోసారి ముక్కున తెల్లటి గుళికలాంటిది పట్టుకుని పోయేది. పిల్లల రెట్ట అది, పలుచటి పొర చుట్టుకుని ఉంటుంది. గూడు శుభ్రంగా ఉండాలనీ, వాసనకు శత్రువు రాకూడదనీ దూరంగా తీసుకెళ్ళి పారేస్తాయి. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినా నా కళ్ళతో చూసింది అదే మొదటిసారి.

మనవడు రోజూ రాత్రి ఇషా నమాజు అయ్యాక ఫోను చేసి లెక్క అడిగేవాడు. నోటుపుస్తకం చూసి చదివి వినిపించేదాన్ని. పిల్లలు వచ్చిన పదకొండో రోజు మధ్యాహ్నం ఒక పిల్ల పొద అంచు మీద కూర్చుని కనబడింది, సాయంత్రానికి రెండోది. మూడో దాని సంగతి తెలియలేదు. మూడు గుడ్లూ పగిలాయో లేదో కూడా నేను చూడలేదు కదా. రెండు రోజులు పక్కింటి వాళ్ళ వేపచెట్టులో వాటి అరుపు వినిపించింది. వాడికి అదే చెప్పాను. రెండు ఎగిరాయి, మూడోది నాకు తెలియదు అన్నాను. కాసేపు ఆగి, "ఈసారి నిజమే చెబుతున్నావు నానీ" అన్నాడు.